మూడో చుట్టు

మూడో చుట్టు దగ్గర మళ్ళీ ఆగింది.

సైకిలమ్మ పట్టు వదిలి, ఇరుసును కళ్ళద్దాల దగ్గరికి తెచ్చుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. జానెడుకు రెండు వేళ్ళు తక్కువ పొడవున్న ఇనుప కడ్డీ. కొత్తది. కాగితం చుట్ట విప్పి పావుగంట కాలేదు, నూనె వాసనైనా పోలేదు. దాని మీదికి ఎక్కాల్సింది చక్రంలోంచి విప్పిన పాత కోను. ఇరుసు మీది మరల వెంట తిరుగుతూ లోపలికి వెళ్ళి చక్రంలోని ఇనుప గోళీలను అదిమి పట్టుకునే చిన్న గిన్నె లాంటి ముక్క అది. మొదటి చుట్టు వేలితో తోస్తే చాలు, వెన్నలా తిరిగింది. రెండో చుట్టుకు కాస్త బిగిసింది. మూడో చుట్టు సగంలో, గుమ్మంలో అలిగి నిలబడ్డ అల్లుడిలా, ఇక అడుగు వేయనంది.

పానా పెట్టి ఒక్క పట్టు పడితే ఎక్కుతుంది. అదే భయం. ఎక్కినట్టే ఎక్కి లోపలి మరలన్నిటినీ కొరుక్కు తినేస్తుంది. ఆ తర్వాత ఇరుసూ పనికిరాదు, కోనూ పనికిరాదు. ఈ షెడ్డుకు సైకిళ్ళు తెచ్చేవాళ్ళలో సగం మంది ఇంట్లో అలాంటి ఒక్క పట్టు పట్టి వచ్చినవాళ్ళే.

"ఎక్కిందా అమ్మా?" వెనక గదిలోంచి కూతురు అడిగింది.

"ఎక్కుతుందిలే. నువ్వు పొయ్యి మీద చెయ్యి కాల్చుకోకు."

"పొయ్యే వెలిగించలేదు. బట్టలు సర్దుకుంటున్నా."

"అయితే పెట్టె మూత వేళ్ళ మీద పడేసుకోకు."

లోపల్నుంచి నవ్వు వినిపించింది.

కూతురికి ఉద్యోగం వచ్చింది. ముప్ఫై అయిదు కిలోమీటర్ల అవతల, పెద్ద కాలువ గట్టున, పంపుహౌసు పక్కన ఒక గది ఇస్తారు. రోజూ రెండు పూటలా గట్టు వెంబడి సైకిలు మీద వెళ్ళి, తొమ్మిది చోట్ల నీళ్ళలో పాతిన కొలకర్రలు చూసి, మట్టం ఎంతుందో రాసుకుని ఫోనులో చెప్పాలి. కాగితంలో రెండు షరతులు పెట్టారు. సొంత సైకిలు ఉండాలి. ఈ రోజు సాయంత్రం ఆరు లోపు ఆ సైకిలుతో సహా వచ్చి సంతకం పెట్టాలి. పెట్టకపోతే జాబితాలో తర్వాతి పేరుకు వెళ్తుంది. ఆ తర్వాతి పేరు గల అబ్బాయి నిన్న ఫోను చేసి, "అక్కా, మీరు వెళ్తున్నట్టేనా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు కూడా.

అంటే రెండింటికల్లా బయల్దేరాలి. నిన్న సాయంత్రం కూతురు స్నేహితురాలికి వెళ్ళొస్తానని చెప్పి వస్తుంటే, సరిగ్గా షెడ్డు ముందున్న గుంతలో దిగగానే, వెనక చక్రం ఇరుసు ఠప్పున విరిగింది. కూతురు నవ్వుకుంటూ సైకిలు నడిపించుకొచ్చింది. తల్లి మాత్రం ఆ చప్పుడు కాలువ గట్టు మీద అయినట్టే ఊహించుకుంటూ తెల్లారేదాకా మేలుకుంది. గట్టు సన్నం. నీళ్ళు లోతు. చుట్టుపక్కల మనిషన్నవాడు ఉండడు. పిలిస్తే పలికేది కప్పలే.

షెడ్డుకు మూడు పక్కలే గోడలు. నాలుగో పక్క రోడ్డు. ఎడమ గోడ పక్కింటి దర్జీది, కుడి గోడ వీళ్ళది, వెనక గోడలో వీళ్ళు కాపురముండే గదికి తలుపు. ఏదో బడి కూలగొట్టినప్పుడు తెచ్చిన తలుపు చెక్కే పని బల్ల అయింది. దాని మీద ఇంకా ఒక గొళ్ళెం ఉంది. ఇనుప ముక్కల్ని కదలకుండా పట్టి ఉంచే వైసు ఆ గొళ్ళెం పక్కనే బిగించి ఉంటుంది. పై అరలో ఇరవై ముప్ఫై డబ్బాలు, మూతల మీద రాతలేమీ ఉండవు. ఏ డబ్బాలో ఏముందో ఊపి చప్పుడును బట్టి చెప్తుంది సైకిలమ్మ. బల్ల అంచులకు పాత ట్యూబు ముక్కలు కోసి అంటించింది, ఎవరైనా తల కొట్టుకుంటారని. ఎవరూ కొట్టుకోలేదు. అంటించాక ఆమే రెండుసార్లు ఆ ముక్కలకు చెంగు తగులుకుని పడబోయింది.

అది ఆమె నాన్న షెడ్డు. ఇద్దరు అన్నలూ చదువుకుని కుర్చీ ఉద్యోగాలకు పోతే, ఏడో తరగతి దగ్గర ఆగిపోయిన ఆమె చేతికి పానా వచ్చింది. ఆ రోజుల్లో ఒకతను చైను వదులైందని వారానికోసారి వచ్చేవాడు. మూడో నెలకు సంగతి చైనుది కాదని నాన్నకు అర్థమైంది. ఆ చైను అతను ఇప్పుడు ఆమె భర్త. ఆసుపత్రిలో కట్లు కట్టే గదిలో పనిచేస్తాడు. కాళ్ళు విరిగినవాళ్ళూ తలలు పగిలినవాళ్ళూ ఎలా విరగ్గొట్టుకున్నారో, ఎలా పగలగొట్టుకున్నారో భోజనం దగ్గర కళ్ళకు కట్టినట్టు చెప్పేవాడు. కూతురు పుట్టిన ఏడాదికి ఆమె ఆ ఇంట్లో ఒక చట్టం పెట్టింది. కంచం ముందు ఎముకల మాట ఎత్తకూడదు. అప్పట్నుంచీ ఆయన కంచం కడిగాక చెప్తున్నాడు.

ఏడింటికి ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు.

"ఏమోయ్, ఇంకా పోట్లాటేనా?"

"ఎక్కడం లేదండీ. మూడో చుట్టుకు పట్టేస్తోంది."

"ఇన్నేళ్ళు నీ దగ్గర పెరిగింది కదా ఆ సైకిలు. బిడ్డ గడప దాటుతుంటే కాళ్ళకు అడ్డం పడుతోంది."

"మీరు బయల్దేరండి. ఆలస్యమైతే పరిగెత్తుతారు. పరిగెత్తితే పడతారు."

"పడితే నష్టమేముంది, ఎలాగూ వెళ్ళేది ఆసుపత్రికే."

కూతురు తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. ఆయన జేబులోంచి రెండు కట్టుగుడ్డ చుట్టలు తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. తల మీద చెయ్యి వేసి తీసేశాడు. రోడ్డు మలుపు దాకా వెనక్కి చూడకుండా నడిచాడు. మలుపు దగ్గర మాత్రం చెప్పులో రాయి దూరినట్టు ఆగి, వంగి, ఇటువైపు చూసి వెళ్ళాడు.

సైకిలమ్మ మళ్ళీ ఇరుసు పట్టుకుంది.

నాన్న నేర్పిన పద్ధతి ఒకటుంది. తప్పు ఎక్కడుందని వెతక్కు, ఎక్కడ లేదో ఒక్కొక్కటే తేల్చుకుంటూ పో, ఆఖరున మిగిలిన చోట అది కూర్చుని ఉంటుంది అనేవాడు. భయం పుట్టినప్పుడు ఆమెకు అన్ని చోట్లా తప్పే కనిపిస్తుంది. చేతిలో ఇనుము ఉంటే మాత్రం ఈ పద్ధతి గుర్తొస్తుంది. అందుకేనేమో, లోకంలో ఆమెకు భయం లేని చోటు ఈ బల్ల ముందరి ఎత్తుపీట ఒక్కటే.

మురికి కావచ్చు. కోనును కిరసనాయిలులో ముంచి, పళ్ళు తోమే పాత బ్రష్షుతో లోపలంతా తోమింది. గుడ్డ పేలికను పుల్లకు చుట్టి తిప్పింది. నల్లగా వచ్చింది, తర్వాత బూడిదరంగుగా, తర్వాత తెల్లగా. మళ్ళీ ఎక్కించింది. మూడో చుట్టుకు ఆగింది.

వంకరగా మొదలుపెడుతున్నానేమో అనుకుంది. కళ్ళు మూసుకుని కోనును వెనక్కి తిప్పింది. అలా వెనక్కి తిప్పుతుంటే ఒక చోట టిక్కుమని వేలికి తెలుస్తుంది. మర మొదలు అక్కడే. అక్కణ్ణించి ముందుకు తిప్పితే వంకర పోయేది లేదు. టిక్కుమంది. తిప్పింది. ఒకటి, రెండు, మూడోది సగం.

ఇరుసును తిరగేసి రెండో కొసన పెట్టింది. అదే వరస.

అయితే ఇరుసే చెడ్డదా? డబ్బాలోంచి కొత్త నట్టు తీసి ఆ ఇరుసు మీదే వదిలింది. నట్టు గిర్రున తిరుగుతూ ఈ కొస నుంచి ఆ కొసకు జారిపోయింది. ఇరుసులో తప్పు లేదు.

మరి కోను చెడ్డదా? నిన్న విరిగిన పాత ఇరుసులో పొడుగు ముక్కను తెచ్చి దాని మీద పెట్టింది. కోను పదో చుట్టు దాకా హాయిగా నడిచింది. కోనులోనూ తప్పు లేదు.

సైకిలమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకుంది. ఇద్దరూ మంచివాళ్ళే. ఒకరికొకరు పడటం లేదు. ఇలాంటి సంసారాలు వీధిలో బోలెడు చూసింది గానీ, ఇనుములో చూడటం ఇదే మొదలు. భయం ఎటో పోయి, చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని విప్పిన సైకిలు గంట లోపల ఏముందో చూసినప్పటి కుతూహలం పుట్టింది. "ఎవరు నువ్వు?" అని కోనునే అడిగింది పైకే.

పాత ముక్కనూ కొత్త ఇరుసునూ పక్కపక్కన ఆనించి, రెండు దువ్వెనలను పళ్ళలో పళ్ళు దూర్చినట్టు అదిమి, రోడ్డు వైపు ఎండలోకి ఎత్తిపట్టింది. ఈ చివర నాలుగు పళ్ళు కుదురుగా కూర్చున్నాయి. సందులోంచి చీమ తలకాయంత వెలుతురైనా రాలేదు. అయిదో పంటి నుంచి జరగడం మొదలైంది. ఎనిమిదో పన్ను దగ్గర పంటి మీద పన్నెక్కి కూర్చుంది, సందులోంచి సన్నటి ఎండ గీత కంటిలో పడింది. మర వేరు. కంటికి తేడా తెలియనంత వేరు, మూడు చుట్టులు తిరిగితే గానీ బయటపడనంత వేరు.

అంతవరకూ బాగానే ఉంది. కానీ ఈ ఊళ్ళో సైకిళ్ళన్నిటికీ ఒకే మర. ముప్ఫై ఏళ్ళుగా అదే ఇరుసు కొంటోంది, అదే కోను బిగిస్తోంది. ఈ వేరే మర ఎక్కణ్ణించి వచ్చింది?

పదకొండున్నరకు బండన్న వచ్చాడు, గాలి కొట్టించుకోవడానికి. మూడు చక్రాల బండి తొక్కుతూ ఇటుకలు, బీరువాలు, మంచాలు మోస్తాడు. వయసు అరవై దాటింది. పిక్కలు మాత్రం ముప్ఫై దగ్గర ఆగిపోయాయి.

"పంపు పెట్టుకుని కొట్టుకో అన్నయ్యా, నా చేతులు ఖాళీ లేవు."

"పాప వెళ్ళేది ఇవాళే కదా? ఏంటి, చక్రం ఇంకా విప్పే ఉంది?"

ఆమె చెప్పింది. ఆయన పంపు కొడుతూనే విన్నాడు.

"ఒక్క దెబ్బ వెయ్యి చెల్లెమ్మా. దెబ్బకు దిగనిది లేదు."

"నీ బండి నా దగ్గరికి ఎన్నిసార్లు వచ్చిందో, ఆ దెబ్బల వల్లే వచ్చింది."

"అదీ నిజమేలే." ఆయన పంపు వదిలి, బల్ల మీది విరిగిన ముక్క చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. విరిగిన మొన మీద బొటనవేలు రాశాడు. "ఇది సైకిలుది కాదమ్మా. ఇది మా జాతిది. బండి ఇరుసు."

"బండి ఇరుసు సైకిల్లో ఎందుకుంటుంది?"

"అది నన్నడిగితే? చూడు, ఉక్కు. మాది వంగదు. వంగితే ముందే తెలుస్తుంది కదా, ఇది వంగదు, ఒకేసారి పుటుక్కుమంటుంది."

సైకిలమ్మకు ఒళ్ళు మండింది. ఇంత పని చేసిన మహానుభావుడు ఎవడో గానీ వాడి ఇంటికి దీపం లేదా, వాడి కళ్ళకు చూపు లేదా, రోజూ ఒక పిల్ల తొక్కే సైకిలుకు బండి ఇరుసు బిగిస్తాడా, వాడి చేతికి పానా ఇచ్చినవాణ్ణి ముందు అనాలి అంటూ అందుకుంది. బండన్న వంత పాడాడు. బట్టలు సర్దడం వదిలేసి కూతురు కూడా వచ్చి పీట లాక్కుని కూర్చుంది.

"వాడు బుర్ర తాకట్టు పెట్టి బిగించి ఉంటాడమ్మా," అంది కూతురు.

"బుర్ర ఉంటే కదా తాకట్టు."

"నిద్రలో బిగించాడేమో," అన్నాడు బండన్న.

కూతురు కోనును తీసుకుని, దాని వెనక అంచుకు పట్టిన పాత గ్రీజును చెంగుతో తుడుస్తోంది. తుడిచి, వెలుతురుకు పెట్టి చూసి, ఆగిపోయింది. పెదాలు బిగబట్టుకుని తల్లి వైపు చూసింది.

"అమ్మా. వాడెవడో తెలిసింది."

"ఎవడు?"

కూతురు కోనును తల్లి అరచేతిలో పెట్టింది. అంచు మీద ఆకురాయితో గీసిన రెండు సన్నటి గీతలు, పక్కపక్కన. తను బిగించిన ప్రతి ముక్క మీదా సైకిలమ్మ గీసుకునే గుర్తు అది. రేపు ఎవరైనా తెచ్చి ఇది నువ్వు వేసిందే అంటే అవునో కాదో తేల్చుకోవడానికి.

బండన్నకు దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక, గాలి సరిపోయిందని చెప్పి, బండి ఎక్కి వెళ్ళిపోయాడు. మలుపు తిరిగేదాకా ఆయన వీపు ఊగుతూనే ఉంది.

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది, అంతా ఒక్కసారిగా. ఆరేళ్ళ కింద కూతురు పెద్ద రోడ్డు దాటి కాలేజీకి వెళ్ళడం మొదలుపెట్టిన వారం. ఆ రోడ్డు మీద లారీలు. భర్త ఆ వారమే ఎవరిదో ఇరుసు విరిగి లారీ ముందు పడ్డ సంగతి, కంచం కడిగాక, చెప్పాడు. ఆమె మర్నాడే బండ్ల సామాను అమ్మే చోటికి వెళ్ళి, అక్కడున్న వాటిలో అన్నిటికన్నా గట్టి ఇరుసు ఇమ్మని అడిగింది. దానికి తగిన కోనులూ నట్లూ కలిపి తెచ్చింది. మంచి ఇరుసు ఊడదీసి, అది బిగించింది. గోళీల కొలత ఒకటే కాబట్టి చక్రం బాగానే తిరిగింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. ఆ తర్వాత ఏటా గ్రీజు మార్చినా, కోను మీది గీతలు చూసి నేను వేసిందే అని సంతోషించిందే తప్ప, ఏం వేశానో మరిచిపోయింది.

"నువ్వు వెళ్ళి ఏదైనా తిని రా," అంది కూతురితో. "దారిలో కళ్ళు తిరుగుతాయి."

"అవుతుందా అవదా? నిజం చెప్పు. అవకపోతే ఆ అబ్బాయికి ఇప్పుడే ఫోను చేసి చెప్తా, పాపం వాడైనా సర్దుకుంటాడు."

అవదు అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. మూడే మూడు అక్షరాలు. తొలి పానా పట్టిన నాటి నుంచీ, అయ్యేదాన్ని అవదని గానీ, అవనిదాన్ని అవుతుందని గానీ ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ ఒక్క సంగతి మీదే ఈ మలుపులో ఈ షెడ్డు నిలబడింది.

"తిని రా. చెప్తా."

కూతురు లోపలికి వెళ్ళాక ఆమె లేచి పై అరలో ఆఖరు డబ్బా దించింది. అడుగున గుడ్డ చుట్టి ఒకటి ఉంది. ఆ రోజు ఆమె రెండు కొన్నది. ఆమె ఏ వస్తువూ ఒకటి కొనదు, ఒకటి పోతే ఎలా అని. విప్పింది. రెండో బండి ఇరుసు, ఆరేళ్ళయినా తుప్పు చుక్క లేదు. కోనును దాని మీద పెట్టి తిప్పింది. మూడో చుట్టు, నాలుగో చుట్టు, ఏడో చుట్టు. వేలు తీసేసినా దాని బరువుకు అదే తిరుగుతున్నట్టుంది.

పది నిమిషాల పని. పన్నెండున్నరకు చక్రం ఫ్రేములో ఉంటుంది.

ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇది విరిగితే ఎక్కడ విరుగుతుంది? గట్టు మీద. కూతురు ఏం చేస్తుంది? పంపుహౌసుకు అవతల వంతెన దగ్గర ఒక రిపేరు దుకాణం ఉందట. అక్కడికి నడిపించుకెళ్తుంది. ఆ మనిషి, ఎవరో గానీ, తన డబ్బాలోంచి ఒక మంచి ఇరుసు తీస్తాడు. మూడో చుట్టుకు ఆగుతుంది. ఇంకోటి తీస్తాడు. ఆగుతుంది. ఓపిక లేనివాడైతే ఒక్క పట్టు పడతాడు. ఓపిక ఉన్నవాడైతే తల గోక్కుని, ఇది నా వల్ల కాదమ్మా, ఎవరు బిగించారో వాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళు అంటాడు. అప్పుడు ఆ పిల్ల ఏ లారీ మీదో సైకిలు వేసుకుని ఇంటికి వస్తుంది.

ఇంటికి వస్తుంది.

అలా అనుకోగానే సైకిలమ్మకు ప్రాణం లేచి వచ్చింది. కోనులు అరిగినప్పుడల్లా రావాలి, నట్టు పోయినా రావాలి, ఏడాదికి మూడు నాలుగుసార్లయినా రాక తప్పదు. లెక్క వేసుకుంటూ వేసుకుంటూ తన వేళ్ళ వైపు చూసుకుంది. అవి ఇరుసును ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే మరల అచ్చు చర్మం మీద పడింది. ఆమెకు సిగ్గేసింది. ఎవరూ చూడలేదు. అయినా చుట్టూ చూసింది.

కూతురు మూతి తుడుచుకుంటూ వచ్చేసరికి బల్ల మీద ఒక గుడ్డ పరిచి ఉంది. గుడ్డ మీద పొద్దుటి కొత్త ఇరుసు, రెండు కొత్త కోనులు, నాలుగు నట్లు. అన్నీ ఊళ్ళో ఏ షెడ్డులో అడిగినా దొరికే మామూలు రకం. బండి ఇరుసు ఓ పక్కన విడిగా ఉంది.

"ఇదేంటి, ఇంకోటి ఉందా? అది ఎక్కుతుందా?"

"ఎక్కుతుంది. పది నిమిషాల పని. కానీ అది మళ్ళీ విరిగితే నేను తప్ప ఎవరూ వేయలేరు."

కూతురు ఆ ఇరుసు వైపు, తల్లి వైపు చూసింది. "వేద్దామనుకున్నావా?"

"అనుకున్నా."

"ఎంతసేపు?"

"నువ్వు తిని వచ్చేదాకా."

కూతురు పీట దగ్గరికి జరుపుకుంది.

"కూర్చో," అంది తల్లి. "నువ్వే బిగించు."

షెడ్డులో పుట్టి పెరిగిన ఆ పిల్లకు ఇరవై మూడేళ్ళొచ్చినా పానా పట్టడం రాదు. వైసులో వేలు నలుగుతుందని, ఊచ కంట్లో గుచ్చుకుంటుందని, కిరసనాయిలు అంటుకుంటుందని, తల్లి ఎప్పుడూ బల్ల దగ్గరికి రానివ్వలేదు. ఇప్పుడు ఆమె చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడింది. ముందుకు వస్తే అవే పని లాగేసుకుంటాయి.

"ముందు కోను పట్టుకుని వెనక్కి తిప్పు. కళ్ళు మూసుకో. టిక్కుమంటుంది."

"అనలేదు."

"అంటుంది. తొందరపడకు."

"ఆఁ. అంది." పిల్ల మొహం వెలిగింది. "ఇది నీకు రోజూ వినిపిస్తుందా?"

"వినిపించదు. వేలికి తెలుస్తుంది. ఇప్పుడు ముందుకు."

ఒకటి, రెండు, మూడు. మూడో చుట్టు దగ్గర ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. కొత్త కోను ఆ చుట్టును చుట్టే కాదన్నట్టు దాటేసి వెళ్ళిపోయింది.

గోళీలు తల్లి లెక్కపెట్టి గ్రీజు డబ్బా మూతలో పోసింది. ఒక్కో వైపుకు తొమ్మిది చొప్పున పద్దెనిమిది కావాలి. పంతొమ్మిది పోసింది, ఒకటి బల్ల కిందికి దొర్లిపోతుందేమోనని. కూతురు చక్రం నడిమి హబ్బు గిన్నెలో గ్రీజు మెత్తి, గోళీలను ఒక్కొక్కటే వేలికొసతో అద్దుతూ పేర్చింది. రెండు వైపులా అయ్యాక వంగి చూసింది.

"ఇక్కడ సందుంది. ఇంకొకటి పడుతుంది."

"పడుతుంది. పెట్టకు."

"ఖాళీగా ఉంటే ఊగదా?"

"ఊగదు. నిండా కుక్కితే ఒకదాన్నొకటి ఒరుసుకుని ఒక్కటీ తిరగదు. ఒకదాని చోటు వదిలేయాలి."

"మరి దీన్నేం చేయను?"

"మూతలోనే ఉండనీ."

కోను ఎంత బిగించాలో చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. ఇరుసును రెండు వేళ్ళతో తిప్పితే పట్టకూడదు, పక్కకు ఊపితే లూజు తెలియకూడదు. ఆ రెంటి మధ్య నట్టుకు పావు తిప్పంత జాగా ఉంటుంది. కూతురు బిగించింది, ఎక్కువైంది. వదిలింది, ఎక్కువ వదిలింది. నాలుగుసార్లు విప్పి బిగించింది. తల్లి చేతులు వెనక ఒకదాన్నొకటి నలుపుకున్నాయి గానీ ముందుకు రాలేదు. అయిదోసారి చక్రాన్ని ఫ్రేములో పెట్టి తోస్తే, వాల్వు ఉన్న చోటు బరువుకు కిందికి వచ్చి, అటు కాస్త ఇటు కాస్త ఊగి, చప్పుడు లేకుండా నిలిచింది. సైకిలమ్మ మోకాళ్ళ మీద కూర్చుని చెవి పెట్టి విన్నది. చెప్పడానికి ఏ తప్పూ దొరకలేదు.

"బాగానే ఉంది," అంది. ఆ మాట ఆమె నాన్న ఆమెతో రెండుసార్లే అన్నాడు.

"గీతలు గీయనా? నా గుర్తు ఏది పెట్టుకోను?"

"అక్కడికెళ్ళాక ఆలోచించుకో. పానా నీ దగ్గరే పెట్టుకో, ఇంకోటి నాకుంది."

రెండుం పావుకు సంచి కేరియరుకు కట్టడం అయింది. తల్లి ముడి లాగి చూసింది, విప్పి మళ్ళీ కట్టింది.

"గట్టు మధ్యలో వెళ్ళు."

"మధ్యలోనే వెళ్తా."

"ఎదురుగా ట్రాక్టరు వస్తే?"

"పక్కకు జరుగుతా."

"పక్కన నీళ్ళు."

"అయితే ట్రాక్టరునే జరగమంటాలే అమ్మా."

"చేరగానే ఫోను చెయ్యి. చేరకముందు చెయ్యకు, ఒక చేత్తో తొక్కుతావు."

కూతురు నవ్వి, తల్లి భుజం మీద గడ్డం ఆనించింది. రెండు చేతులకూ గ్రీజే కాబట్టి చేతులు దూరంగా పట్టుకుంది. తల్లీ అంతే. తర్వాత సైకిలు రోడ్డెక్కించింది. గుంత పక్క నుంచి తప్పించుకుని, దర్జీ కొట్టు దాటి, తొందర లేకుండా తొక్కుకుంటూ వెళ్ళింది. సైకిలమ్మ కూతురి వైపు చూడలేదు. వెనక చక్రాన్నే చూసింది. అది ఎటూ ఊగకుండా, ఒక్క గీత మీద తిరుగుతూ మలుపు దాకా వెళ్ళింది. తర్వాత మలుపు మిగిలింది.

కాసేపటికి ఒకామె పంక్చరైన సైకిలు తెచ్చి గోడకు ఆనించింది. ఎంతసేపు పడుతుందని అడిగింది. పావుగంట అంది సైకిలమ్మ. ట్యూబు బయటికి లాగి నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూస్తూ కూర్చుంది. కాలువ ఎంత లోతుంటుందో అని ఒకసారి అనుకుంది. గట్టు మీద ఈ వేళకు ఎండ ఎటుంటుందో, కొలకర్ర మీద అంకెలు నీళ్ళలో ఎలా కనిపిస్తాయో అని కూడా అనుకుంది. అలా అనుకోవడం ఆమెకే కొత్తగా ఉంది.

చేతులు తుడుచుకోవడానికి బల్ల మీది గుడ్డ తీయబోయి ఆగింది. గుడ్డ పక్కన, గ్రీజు డబ్బా మూతలో పంతొమ్మిదో గోళీ ఉంది. రోడ్డు మీద లారీ వెళ్ళినప్పుడల్లా అది కొద్దిగా కదిలి, మూత అంచు దాకా దొర్లి, మళ్ళీ మధ్యకు వచ్చి నిలుస్తోంది.